వైమానిక దళ సాంకేతిక శిక్షణ: తెలంగాణ

నిర్వచనం, పరిధి

విమానాలు, ఇంజిన్లు, రాడార్లు, ఆయుధాలు, వాటికి తోడుండే వాహనాలు, పరికరాల నిర్వహణ, మరమ్మతు నేర్పే సైనిక విద్యాసంస్థను వైమానిక దళ సాంకేతిక శిక్షణ పాఠశాల అంటారు. విమానం నడపడం నేర్పే సంస్థ ఇందులోకి రాదు. భారత వైమానిక దళంలో ఈ శిక్షణకు రెండు మెట్లు ఉన్నాయి. ఇంజినీరింగ్ పట్టా ఉన్నవారు ఏరోనాటికల్ ఇంజినీరింగ్ శాఖలో అధికారులుగా చేరతారు. ఇంటర్మీడియట్ లేదా పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారు ఎయిర్‌మెన్‌గా చేరి ఒక ట్రేడ్‌ను పట్టుకుంటారు. అధికారి చదువు ఎక్కువగా పర్యవేక్షణ, లోపాల విశ్లేషణ, ప్రణాళికల మీద నడుస్తుంది. ఎయిర్‌మన్ చదువు పానా చేతికి వచ్చాకే మొదలవుతుంది.

ఈ రంగంలో తెలంగాణ స్థితి కొంచెం విచిత్రమైనది. పైలట్ల శిక్షణకు దేశంలోనే పేరుపడ్డ కేంద్రాలు దుండిగల్, హకీంపేట ఇక్కడే ఉన్నాయి. ఎయిర్‌మెన్‌కు ట్రేడ్ నేర్పే ప్రధాన పాఠశాలలు మాత్రం బెంగళూరు జాలహళ్ళిలో, చెన్నై తాంబరంలో వెలిశాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి ఫిట్టర్‌గా చేరే కుర్రవాడు హైదరాబాదు దాటి పోకుండా ఆ పని నేర్చుకోలేడు. ఈ పంపకం ఒక్క నిర్ణయంతో జరిగింది కాదు. నిజాం కాలపు విమానక్షేత్రాలు, రెండో ప్రపంచయుద్ధం, దేశ విభజన మూడూ కలిసి దీన్ని తేల్చాయి.

తొలి దశ: హవాయీ సిపాయిలు

భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న చట్టరీత్యా ఏర్పడింది. మొదటి స్క్వాడ్రన్‌లోని తొలి దళం 1933 ఏప్రిల్ 1న కరాచీ సమీపంలోని డ్రిగ్ రోడ్‌లో పని మొదలుపెట్టింది. నాలుగు వాపిటీ విమానాలు, బ్రిటిష్ వైమానిక దళం దగ్గర శిక్షణ పొందిన ఆరుగురు అధికారులు, 19 మంది హవాయీ సిపాయిలు: అప్పటి బలగం అంతే. చరిత్ర పుస్తకాల్లో ఆ అధికారుల పేర్లు దొరుకుతాయి, సిపాయిలు 19 అన్న అంకెగా మిగిలారు. సాంకేతిక శిక్షణ చరిత్ర నిజానికి ఆ అంకె నుంచే మొదలవుతుంది.

బ్రిటన్‌లో ఈ శిక్షణకు నమూనా హాల్టన్‌లోని సాంకేతిక శిక్షణ పాఠశాల. బ్రిటిష్ వైమానిక దళ అధిపతి ట్రెంచర్డ్ ఆలోచనతో 1920లలో అక్కడ పదిహేను, పదహారేళ్ళ కుర్రవాళ్ళను అప్రెంటిస్‌లుగా తీసుకొని మూడేళ్ళు పని నేర్పేవారు. భారతదేశంలో అంత పెద్ద బడి అప్పుడు పెట్టలేదు. హవాయీ సిపాయిలు డిపోలో బ్రిటిష్ పనివాళ్ళ పక్కన నిలబడి, చూసి నేర్చుకున్నారు. గుడ్డ తొడిగిన రెక్కలు, బిగించిన తీగలు ఉన్న ఆ విమానాల్లో రిగ్గర్, ఫిట్టర్ అన్న రెండు పనులే ప్రధానం. రిగ్గర్ రెక్కలు, తీగల సంగతి చూసేవాడు, ఫిట్టర్ ఇంజిన్ సంగతి చూసేవాడు.

ఈ దశలో ఎదిగినవారిలో ముఖ్యుడు హర్జిందర్ సింగ్. లాహోరులో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి కూడా హవాయీ సిపాయిగా చేరాడు. 1942లో బర్మా రంగంలో మొదటి స్క్వాడ్రన్‌కు ఉన్న లైసాండర్ విమానాలు సైన్యానికి తోడుగా గస్తీ తిరగడానికి తయారైనవి. వాటిని బాంబులు మోసేలా మార్చిన పనిలో ఆయన చేయి ఉంది. తరువాత ఎయిర్ వైస్ మార్షల్ హోదాలో నిర్వహణ కమాండ్‌కు అధిపతి అయ్యాడు. సిపాయిగా చేరినవాడు ఆ కుర్చీ దాకా రావడం సాంకేతిక శాఖ గౌరవాన్ని పెంచిన విషయం.

నిజాం రాజ్యంలో విమానక్షేత్రాలు

హైదరాబాద్ సంస్థానానికి విమానాలతో సంబంధం మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటిది. బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డీహెచ్-9ఏ విమానాలు కానుకగా ఇచ్చినందువల్ల దాని పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్‌లు కూడా ఆ పేరు మోశాయి.

సొంతంగా విమానయానం 1930లలో ఊపందుకుంది. హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ ఏర్పడింది. బేగంపేటలో విమానాశ్రయం కట్టారు. వరంగల్ దగ్గర మామునూరులో, ఆదిలాబాద్‌లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బీదర్‌లో విమానాలు దిగే మైదానాలు తయారయ్యాయి. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ మొదలైంది.

యుద్ధకాలంలో బేగంపేటలో ఒకటవ ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. టైగర్ మాత్ విమానాల మీద కుర్రవాళ్ళు మొదటి పాఠాలు అక్కడ నేర్చుకున్నారు. జోధ్‌పూర్‌లో రెండో పాఠశాల ఉండేది. రెండూ సంస్థానాల గడ్డ మీదే ఉన్నాయన్నది గమనించదగ్గది: సిద్ధంగా విమానాశ్రయం, హ్యాంగర్, క్లబ్బు ఉన్నచోట బడి పెట్టడం తేలిక. హైదరాబాదు పైలట్ల ఊరు కావడానికి మొదటి కారణం ఇదే.

మిగతా మైదానాల కథ వేరు. 1948లో సంస్థానం, భారత ప్రభుత్వం మధ్య ప్రతిష్టంభన నడుస్తున్నప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రహస్యంగా ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యలో భారత టెంపెస్ట్ విమానాలు రంగంలోకి దిగాయి. అయిదు రోజుల్లో వ్యవహారం ముగిసింది. సంస్థానపు విమానక్షేత్రాలన్నీ భారత ప్రభుత్వం చేతికి వచ్చాయి.

విభజన తరువాత: జాలహళ్ళి, తాంబరం

1947 విభజనలో డ్రిగ్ రోడ్, లాహోర్, రిసాల్పూర్, పెషావర్ స్థావరాలు పాకిస్తాన్ వైపు పోయాయి. పాత వైమానిక దళం పుట్టి పెరిగిన వర్క్‌షాపులు, డిపోలు ఎక్కువగా అటే ఉన్నాయి. భారతదేశానికి విమానాలు వచ్చాయి, మనుషులు వచ్చారు, పని నేర్పే చోట్లు మాత్రం కొరతబడ్డాయి. సరిహద్దుకు దూరంగా, దక్షిణాన కొత్త బడులు కట్టక తప్పలేదు.

1949లో శిక్షణ కమాండ్ బెంగళూరు కేంద్రంగా ఏర్పడింది. అదే ఏడాది జాలహళ్ళిలో సాంకేతిక శిక్షణ కళాశాల మొదలైంది. తరువాతి దశాబ్దంలో దానికి ఎయిర్ ఫోర్స్ టెక్నికల్ కాలేజ్ అన్న పేరు స్థిరపడింది. జాలహళ్ళిని ఎంచుకోవడానికి కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి. యుద్ధకాలంలో ఇటలీ యుద్ధ ఖైదీల శిబిరాలు, సైనిక ఆసుపత్రి ఉన్న ప్రదేశం కనుక కట్టడాలు సిద్ధంగా దొరికాయి. 1940లో పుట్టిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం అదే ఊళ్ళో ఉంది. 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ జాలహళ్ళికే వచ్చింది. విమానం తయారయ్యే ఊళ్ళో, రాడార్ తయారయ్యే పేటలో బడి ఉంటే పాఠానికి వస్తువు కొరత ఉండదు. ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ట్రేడ్‌ల శిక్షణ కూడా జాలహళ్ళిలోనే కుదురుకుంది.

ఇంజిన్, విమాన శరీరం వంటి యాంత్రిక ట్రేడ్‌లకు తాంబరంలోని మెకానికల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రమైంది. మోటారు వాహనాల శిక్షణకు ఆవడి, మొదటి సైనిక శిక్షణకు బెళగావి దగ్గరి సాంబ్రా ఏర్పాటయ్యాయి. ఎయిర్‌మన్ జీవితంలో మొదటి ఏడాది ఈ నాలుగు ఊళ్ళ మధ్యే గడుస్తుంది. తెలుగువారికి బెంగళూరు, చెన్నై పరాయి ఊళ్ళు కావు కాబట్టి పోవడానికి భయం లేదు.

హైదరాబాదు చుట్టూ శిక్షణ కేంద్రాలు

దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేశాడు. అకాడమీ 1969లో ఏర్పడి 1971 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. దీన్ని పైలట్ల అకాడమీగానే లోకం ఎరుగును గానీ, సాంకేతిక శాఖ అధికారులకు కూడా మొదటి మెట్టు ఇదే. దుండిగల్‌లో కవాతు, ఆయుధాల వాడకం, సైనిక నియమాలు నేర్చుకున్నాక సాంకేతిక క్యాడెట్లు జాలహళ్ళికి వెళ్ళి ఇంజినీరింగ్ శిక్షణ పూర్తి చేస్తారు. మొత్తం శిక్షణ చాలాకాలం సుమారు 74 వారాలు సాగింది. ఇటీవలి నియామక ప్రకటనల్లో ఇది 62 వారాలకు తగ్గింది. మహిళలకు సాంకేతిక శాఖ తలుపులు 1990ల తొలి సంవత్సరాల్లో తెరుచుకున్నాయి. యుద్ధ విమానాల తొలి మహిళా పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దుండిగల్ మైదానంలోనే పట్టా పుచ్చుకున్నారు.

అకాడమీలో శిక్షణ విమానాలు మారిన తీరు చూస్తే సాంకేతిక పని విలువ అర్థమవుతుంది. దేశీయంగా తయారైన హెచ్‌పీటీ-32 విమానానికి ఇంజిన్ సమస్యలు వెంటాడాయి. 2009 ప్రమాదం తరువాత ఆ విమానాలన్నిటినీ నేల మీదికి దించేశారు. స్విట్జర్లాండ్ నుంచి కొన్న 75 పిలాటస్ పీసీ-7 విమానాలు 2013 నుంచి వచ్చాయి. మధ్యలో నాలుగేళ్ళు కొత్త పైలట్లకు మొదటి మెట్టు విమానమే కరువైంది. ఒక ఇంజిన్ చిక్కు విప్పలేకపోతే ఒక అకాడమీ పాఠ్యక్రమమే తారుమారవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ. తరువాతి విమానంగా హిందుస్తాన్ ఏరోనాటిక్స్ తయారుచేసే హెచ్‌టీటీ-40లు 70 కొనడానికి 2023 మార్చిలో ఒప్పందం కుదిరింది.

హకీంపేటలో కిరణ్ జెట్‌లు, హెలికాప్టర్ల మీద పైలట్ శిక్షణ సాగింది. బీదర్‌లో హాక్ జెట్‌లు ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్ 1959లో భూతల, వైమానిక యుద్ధ పాఠశాలగా మొదలైంది. అది వ్యూహం నేర్పే చోటు, సాంకేతిక పాఠశాల కాదు.

బేగంపేట సంగతి ఆసక్తికరమైనది. 2008 మార్చిలో పౌర విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక ఊరివాళ్ళ దృష్టిలో బేగంపేట మూతపడింది. వైమానిక దళానికి మాత్రం అది నావిగేటర్ల బడిగా కొనసాగింది. 2022 అక్టోబరు 8న, వైమానిక దళ దినోత్సవం నాడు, అప్పటి అధిపతి వి.ఆర్. చౌధరి వెపన్ సిస్టమ్స్ శాఖ ఏర్పాటును ప్రకటించాడు. స్వాతంత్ర్యం తరువాత కార్యనిర్వహణ శాఖ ఒకటి కొత్తగా పుట్టడం అదే మొదటిసారి. విమాన శిక్షణ ఖర్చులో 3,400 కోట్ల రూపాయలకు పైగా ఆదా అవుతుందని ఆనాడు చెప్పారు. ఆ శాఖకు బడిగా వెపన్ సిస్టమ్స్ స్కూల్ 2024 జూలై 1న బేగంపేటలో ప్రారంభమైంది. భూమి మీది నుంచి ప్రయోగించే క్షిపణి వ్యవస్థలు, పైలట్ లేని విమానాలు, నిఘా సమాచారం, సుఖోయ్-30, సీ-130జే వంటి విమానాల్లో వెనుక కూర్చుని ఆయుధ వ్యవస్థలు నడిపే పని: ఈ నాలుగు పాయల్లో అక్కడ శిక్షణ ఉంటుంది. వీరు మరమ్మతు చేసేవారు కారు, వాడేవారు. అయినా పైలట్ విద్యకూ యంత్ర విద్యకూ మధ్య పాతకాలంలో ఉన్న గోడ ఇక్కడ పలచబడింది. తెలంగాణలో సాంకేతిక శిక్షణకు అతి దగ్గరగా వచ్చే సంస్థ ఇప్పటికి ఇదే. క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, తయారుచేసే భారత్ డైనమిక్స్ హైదరాబాదులోనే ఉన్నందున జాలహళ్ళిలో 1949లో కుదిరిన జోడింపు ఇక్కడ డెబ్భై అయిదేళ్ళకు కుదిరిందనవచ్చు.

శిక్షణ సాగే తీరు

ఎయిర్‌మన్ ట్రేడ్‌ల పేర్లు ఉత్తర తెలంగాణ బొగ్గుబావుల ప్రాంతానికి కొత్తవి కావు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, ప్రొపల్షన్ ఫిట్టర్, ఎలక్ట్రికల్ ఫిట్టర్, ఎలక్ట్రానిక్స్ ఫిట్టర్, వెపన్ ఫిట్టర్, వర్క్‌షాప్ ఫిట్టర్. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో సింగరేణి బొగ్గు కార్మికుల ఇళ్ళల్లో ‘మా నాయన ఫిట్టర్’ అంటే ఏ పనో అడగనక్కరలేదు. మాట ఒకటే, కొలతలు వేరు. బావిలో పంపుకు వెంట్రుకవాసి తేడా వస్తే పంపు కొట్టుకుంటూ అయినా నడుస్తుంది. జెట్ ఇంజిన్‌లో ఆ వెంట్రుకవాసే ప్రాణం తీస్తుంది.

బడిలో మొదట చేతిపని నేర్పుతారు: ఆకురాయితో ఇనుపముక్కను చదును చేయడం, కొలతకు తేవడం, రంధ్రం వేయడం, రివెట్ కొట్టడం. దీన్ని పాత చాదస్తంగా చూసే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చేతికి లోహపు స్వభావం తెలియకుండా బోల్టు ఎంత బిగించాలో చెప్పలేం కాబట్టి ఆ అభ్యాసం ఇప్పటికీ పోలేదు. తరువాత నిలువునా కోసి లోపలి భాగాలు కనబడేలా పెట్టిన ఇంజిన్ ముందు పాఠం. ఆపైన సేవ ముగించిన నిజమైన విమానం మీద పని. భాగాలు విప్పి, పేర్లు చెప్పి, మళ్ళీ కూర్చాలి. బోధన ఇంగ్లిషులోనే సాగుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి నెలల్లో యంత్రం కన్నా మాన్యువల్ చదవడమే కష్టమవుతుంది.

క్రమశిక్షణలో కొన్ని అలవాట్లు బయటివారికి వింతగా తోస్తాయి. పనిముట్ల పలకపై ఒక్కో పానాకు దాని ఆకారంలోనే గుర్తు వేసి ఉంటుంది. సాయంత్రం ఒక్క గుర్తు ఖాళీగా కనబడినా ఆ పనిముట్టు దొరికేదాకా విమానాన్ని ఎగరనివ్వరు. ఎందుకంటే అది ఇంజిన్‌లో ఉండవచ్చు. రన్‌వే మీద వరుసలో నడుస్తూ చిన్న రాయి, మేకు, గుడ్డపీలిక ఏరడం అధికారుల నుంచి కొత్త కుర్రవాళ్ళ దాకా అందరి పని. బిగించిన బోల్టు వదులు కాకుండా సన్నని తీగ చుట్టి కట్టడం మరో విద్య. తీగ ఏ దిక్కుకు లాగాలో తప్పితే ఆ కట్టు వ్యర్థం.

అన్నిటికన్నా పెద్ద పాఠం సంతకం. ప్రతి విమానానికీ ఫారం 700 అనే పుస్తకం ఉంటుంది. బ్రిటిష్ దళం నుంచి వచ్చిన సంప్రదాయం ఇది. ఎవరు ఏ పని చేశారో అందులో రాసి సంతకం పెట్టాలి. కీలకమైన పనిని చేసినవాడు కాక మరొకడు వచ్చి చూసి విడిగా సంతకం పెడతాడు. చివరన పైలట్ ఆ పుస్తకం చదివి, తానూ సంతకం చేసి విమానం ఎక్కుతాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడి సంతకాన్ని నమ్మి మరొకరు ఆకాశంలోకి పోతారు.

నిర్వహణ పని మూడు అంచెల్లో జరుగుతుంది. విమానం నిలిచిన చోట రోజువారీ తనిఖీ మొదటిది, స్థావరంలోని హ్యాంగర్‌లో విప్పి చేసే మరమ్మతు రెండోది. పూర్తిగా విడదీసి కొత్తదానిలా చేసే మూడో అంచె పని నాసిక్ దగ్గరి ఓఝర్ వంటి మరమ్మతు డిపోల్లో జరుగుతుంది. ఈ డిపోలన్నీ నాగపూర్ కేంద్రంగా ఉన్న నిర్వహణ కమాండ్ కిందికి వస్తాయి.

నియామకాలు, అగ్నిపథ్

ఎయిర్‌మన్‌ను సుమారు 20 ఏళ్ళ సేవకు తీసుకోవడం చాలాకాలం పద్ధతిగా ఉండేది. సాంకేతిక ట్రేడ్‌లు గ్రూప్ ఎక్స్‌లో, మిగతావి గ్రూప్ వైలో ఉండేవి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంతో అగ్నివీర్ వాయుగా నాలుగేళ్ళకే చేరిక జరుగుతోంది. నాలుగేళ్ళ చివర 25 శాతం మందిని మించకుండా కొనసాగిస్తారు. గణితం, భౌతికశాస్త్రాలతో ఇంటర్మీడియట్ చదివినవారు, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వంటి శాఖల్లో మూడేళ్ళ డిప్లొమా చేసినవారు దరఖాస్తు చేయవచ్చు. అధికారుల ఎంపికకు 2011 నుంచి ఆఫ్‌క్యాట్ అనే పరీక్ష ఉంది.

సాంకేతిక శిక్షణకు ఈ మార్పు వల్ల లాభమా నష్టమా అన్నది తేలలేదు. దళం సగటు వయసు తగ్గుతుందని, కొత్త యంత్రాలకు కొత్త చేతులు త్వరగా అలవాటు పడతాయని సమర్థకులు అంటారు. మంచి ఫిట్టర్ తయారవడానికి అయిదారేళ్ళు పడుతుందని, చేయి తిరిగేసరికి మనిషి ఇంటికి పోతాడని పాత ఎయిర్‌మెన్ వాదన. పాత పద్ధతిలో సేవ ముగించినవారికి పౌర విమానరంగం ఆధారమయ్యేది. శంషాబాద్‌లోని విమాన మరమ్మతు కేంద్రాల వల్ల తెలంగాణవారికి ఆ దారి ఇంటికి దగ్గరైంది.

ఉత్తర తెలంగాణ

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో ముక్కలయ్యాయి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఏర్పడ్డాయి. బొగ్గుబావులు, రామగుండం విద్యుత్ కేంద్రం, సిమెంటు, కాగితం మిల్లులు ఉన్న ప్రాంతం కనుక ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులకు ఇక్కడ మొదటినుంచీ గిరాకీ ఉంది. వైమానిక దళ సాంకేతిక ట్రేడ్‌లకు కావలసిన ముడిసరుకు సరిగ్గా ఇదే. ఎంపిక కోసం వారు వెళ్ళేది సికింద్రాబాద్‌కు.

విమానక్షేత్రాలు రెండున్నాయి. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్ కర్మాగారం పక్కన ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌కు 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు వచ్చేవి. అవి ఆగిపోయాక అది వాడుకలో లేదు. రెండోది ఆదిలాబాద్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఏరోడ్రోమ్. నిజాం కాలపు ఈ మైదానం వైమానిక దళం చేతిలో ఉంది. దళం ఇక్కడ స్థావరం పెడుతుందన్న మాట ఆదిలాబాద్‌లో ఏళ్ళుగా వినబడుతూనే ఉంది.

పటంలో చూస్తే ఈ చోటుకు ఒక అర్థం ఉంది. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే 44వ జాతీయ రహదారి ఆదిలాబాద్ మీదుగానే వెళుతుంది. దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో శిక్షణ కేంద్రాలున్న హైదరాబాదు, ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో నిర్వహణ కమాండ్ ఉన్న నాగపూర్. విమానాన్ని నడపడం నేర్పే ఊరికీ, విమానాన్ని బాగుచేసే వ్యవస్థకు తలకాయ అయిన ఊరికీ మధ్యలో ఈ రన్‌వే ఖాళీగా పడి ఉంది.

2025లో రెండు పరిణామాలు జరిగాయి. ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు విమానాశ్రయానికి ఆమోదం తెలిపింది. ఏప్రిల్‌లో ఆదిలాబాద్ మైదానాన్ని పౌర విమానాలతో ఉమ్మడిగా వాడుకోవడానికి వైమానిక దళం అంగీకరించింది. రన్‌వేను కొత్తగా నిర్మించాలి, పౌర విమానాలకు టెర్మినల్ కట్టాలి. తన వంతుగా అక్కడ శిక్షణ సంస్థను నెలకొల్పే ఆలోచన ఉన్నట్టు దళం ఆ సందర్భంలో తెలిపింది.